నెత్తురు దిగిన కన్ను

నా భార్య అత్సెదె ఏడేళ్ళపాటు తన తమ్ముణ్ణి దూరం నుంచే చూసింది. ఏడాదికి రెండుసార్లు, నా పడవలో నిలబడి, ఎనభై గజాల నీళ్ళకి ఇవతల నుంచి. దగ్గరగా చూసే రోజు వచ్చేసరికి ఆమె కంట్లో నెత్తురు దిగింది. అందులో నా తప్పు కూడా ఉంది. అదంతా మొదటి నుంచి చెప్తాను.

నా పేరు తిలయె. తానా సరస్సు మీద మోటారు పడవ నడుపుతాను. బస్తాల్ని, మేకల్ని, పెళ్ళివాళ్ళని, దీవుల్లోని మఠాలకి వెళ్ళే యాత్రికుల్ని ఇటు నుంచి అటు చేరవేస్తాను. నీళ్ళ మీద బతికేవాడికి గట్టు మీద సంగతులు ఆలస్యంగా తెలుస్తాయని అత్సెదె దెప్పుతుంటుంది. నిజమే.

ఆమెకి పన్నెండేళ్ళప్పుడు గొంతునొప్పి, ఆ వెనకే కీళ్ళవాపు జ్వరం వచ్చాయట. తగ్గిపోయిందనుకున్నారు. కీళ్ళలో తగ్గింది, గుండెలో ఉండిపోయింది. ఇరవై ఆరో ఏడు వచ్చేసరికి బిందెడు నీళ్ళు మోస్తే నాలుగుసార్లు కూలబడేది. అమ్మా నాన్నా లేరు. ఏడేళ్ళు చిన్నవాడైన తమ్ముడు మెసెలెని తనే నూలు వడికి పెంచి, చర్చి బడిలో వేసింది. చివరికి రాజధానిలో ఆపరేషన్ చేసి, చెడిపోయిన గుండె కవాటం తీసేసి లోహంతో చేసింది పెట్టారు.

ఆపరేషన్ అయ్యాక నాలుగు రోజులు ఆమె కళ్ళు తెరవలేదు. నాలుగో రోజు పొద్దున మెసెలె ఆస్పత్రి వెనక చర్చి గోడకి నుదురు ఆనించి, "అక్క లేస్తే నన్ను నీకు ఇచ్చేస్తాను" అని దేవుడికి మొక్కుకున్నాడు. సాయంత్రానికి ఆమె మంచినీళ్ళు అడిగింది.

ఊరికి వచ్చి, అక్క తన కాళ్ళ మీద తను నడిచేదాకా ఆగాడు. వానలకి ముందు వచ్చే గిన్‌బొత్ నెల ఇరవై రెండో తేదీన, ఒక గొర్రెతోలు, ఒక పుస్తకం పట్టుకుని రేవుకి వచ్చాడు. తీసుకెళ్ళింది నా పడవే. అప్పటికి వాళ్ళెవరో నాకు తెలియదు.

"ఏం తమ్ముడూ, గడ్డం కూడా సరిగ్గా మొలవలేదు, అప్పుడే లోకం మీద విరక్తా?" అన్నాను.

"విరక్తి కాదన్నా. మాటిచ్చాను" అన్నాడు.

వారం తిరక్కుండా ఒకామె నా పడవ ముందు నిలబడింది. సన్నగా, తెల్ల శాలువా నెత్తి మీదుగా కప్పుకుని.

"నువ్వేనా మా తమ్ముణ్ణి తీసుకెళ్ళింది?"

"నేనేం ఎత్తుకెళ్ళలేదమ్మా. తనే ఎక్కాడు."

"అయితే నన్నూ ఎక్కించుకో."

"అది ఉరాయేల్ మఠం. ఆడవాళ్ళని దిగనివ్వరు."

"దిగుతానని ఎవరన్నారు? చూస్తాను."

ఆ మఠంలో కొత్తగా చేరినవాళ్ళు ఏడేళ్ళపాటు రక్తసంబంధం ఉన్నవాళ్ళతో మాట్లాడకూడదు. ఆ తర్వాత, ఏడేళ్ళు నిండిన రోజున, ఆపైన పండగల రోజున, ఒక గంట రేవులోకి వచ్చి మాట్లాడొచ్చు. ఆడవాళ్ళకి రేవులోని రాతి అరుగే హద్దు. ఏడాదికి రెండు పెద్ద పండగలకి, వానల్లో వచ్చే హమ్లె నెలలో, చలికాలపు తెర్ నెలలో, ఊరేగింపు నీటి అంచు దాకా దిగుతుంది. డప్పులు, గొడుగులు, తెల్లబట్టల్లో డెబ్భై ఎనభైమంది. నేను ఇంజను ఆపేసి పడవని అక్కడే నిలిపేవాణ్ణి.

అత్సెదె ఎడమ కన్ను చిన్నప్పటి కలక వల్ల మసక. గంజి గుడ్డలోంచి చూసినట్టు ఉంటుందనేది. కుడి కన్ను మాత్రం గద్ద కన్ను. వెంట్రుక కన్నా సన్నటి దారం తెగితే నేను చూసేలోపు ముడేసేది. "అదిగో, ఎర్రగొడుగు వెనక మూడోవాడు. ఎడమ భుజం దించి నడుస్తున్నాడు చూడు. బడికి పుస్తకాల సంచి మోసి మోసి అలా అయింది" అనేది. నాకు అందరూ ఒక్కలాగే కనపడేవాళ్ళు.

మూడో ఏడు నన్ను పెళ్ళి చేసుకోమని నేనే అడిగాను. ఆమె తొణక్కుండా చెప్పింది. "నా గుండెలో లోహం ఉంది. దాని మీద నెత్తురు గడ్డ కట్టకుండా బతికినన్నాళ్ళూ రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర వల్ల పిల్లలు వద్దన్నారు. ఇంకోటి, నేను ఆ దీవి వైపు చూస్తున్నప్పుడు నన్ను పలకరించకూడదు." మొదటి మూడింటికీ నేను ఆలోచించలేదు. నాలుగోదానికి కొంచెం ఆలోచించాను.

మాత్ర సంగతి మా ఇద్దరికీ బాగానే తెలుసు. నెలకోసారి పట్నం ఆస్పత్రికి వెళ్ళి రక్తం ఇస్తే ఒక అంకె చెప్తారు. అది రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. తగ్గితే కవాటం మీద నెత్తురు గడ్డ కడుతుంది. పెరిగితే ఎక్కడో ఒకచోట కారుతుంది. అయిదేళ్ళుగా ఆ అంకె అటూ ఇటూ కాస్త ఊగినా హద్దు దాటలేదు.

ఆ ఏడు గిన్‌బొత్ ఇరవై రెండుకి మెసెలె వెళ్ళి ఏడేళ్ళు నిండుతాయి. అత్సెదె నెలల ముందు నుంచే వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తమ్ముడికి ఇవ్వడానికి ఒక మందపాటి నూలు దుప్పటి. నేత నేతగాడిదే గానీ, ప్రతి పోగూ తనే వడకాలట. ఈస్టరు ముందు పెద్ద ఉపవాసం కూడా ఎన్నడూ లేనంత నిష్ఠగా పట్టింది. మందులు వేసుకునేవాళ్ళకి మినహాయింపు ఉందని ఫాదరే చెప్పినా వినలేదు.

యాభై అయిదు రోజులు. పాలు లేవు, గుడ్డు లేదు, మాంసం లేదు. పెరట్లో గొమెన్ ఆకు బలంగా పెరిగింది. రోజూ ఇంజెరా అట్టు మీద గంపెడు ఆకుకూర. "నన్ను కూడా మేకల పడవలో ఎక్కించేట్టున్నావు" అన్నాను. "నువ్వు ఎక్కితే మేకలు దిగిపోతాయి" అంది.

ఉపవాసం చివరి రోజుల్లో రక్తం చూపిస్తే అంకె ఒకటిన్నరకి పడిపోయింది. డాక్టర్ హీరుత్ మాకు పాత పరిచయం. మాత్ర మోతాదు పెంచి, వేలు చూపించి మరీ చెప్పింది. "ఈస్టరు అయిన వారానికి మళ్ళీ రావాలి. మోతాదు మార్చినప్పుడు ఊరికే వదిలెయ్యకూడదు. విన్నావా అత్సెదె? తిలయె, నువ్వు విన్నావా?"

ఇద్దరం విన్నాం.

ఈస్టరు వచ్చింది. కోడికూర, నెయ్యి, గుడ్లు, గొర్రెమాంసం. అన్నాళ్ళు తిన్న ఆకు మొహం మళ్ళీ ఎవరు చూస్తారు? పెరట్లో గొమెన్ ముదిరి పువ్వు పూసింది. వారం తిరిగింది. నేను యాత్రికుల్ని మోస్తూ తీరిక లేకుండా ఉన్నాను. "ఆస్పత్రికి వెళ్ళొద్దామా?" అని ఒకసారి అడిగాను. "ఇరవై రెండు అయ్యాక వెళ్దాంలే. ఇంకా రెండు కదుళ్ళ నూలు మిగిలింది. వెళ్తే ఒక రోజంతా పోతుంది" అంది. సరేనన్నాను. ఇంకోసారి అడగలేదు. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తున్న సంగతి ఆమె నాకు చెప్పలేదు. తొడ మీద అరచేయంత నల్లటి మచ్చ చూసి ఏంటని అడిగితే, కవ్వం కుండ తగిలిందంది.

గిన్‌బొత్ ఒకటో తేదీన మా వీధంతా ఇళ్ళ బయట కూర్చుని ఉడికించిన గింజలు తింటాం. ఆ రోజు పక్కింటి షాషితు అత్సెదె మొహం చూసి గింజల పళ్ళెం కింద పెట్టేసింది.

"అమ్మో, అదేం కన్నే! కారంలో ముంచుకొచ్చావా?"

కుడి కంటి తెల్లగుడ్డు సగం పచ్చినెత్తురు రంగులో ఉంది.

"నొప్పేం లేదు పిన్నీ. పొద్దున్నే ఇలా ఉంది."

"నొప్పెందుకుంటుంది? దిష్టికి నొప్పుండదు. తమ్ముడు మాట్లాడబోతున్నాడని వీధి వీధంతా చాటావు కదా. ఎవరి కడుపు మండిందో!"

"నీ కడుపేమో చూసుకో."

"నా కడుపు నిండా గింజలే. దాంట్లో మంటకి చోటు లేదు. రేపు నాతో రా, పవిత్ర జలం పోయిస్తాను."

నేను ఆమెని మందుల షాపుకి తీసుకెళ్ళాను. షాపాయన చూసి, కంటి పైపొరలో చిన్న నరం చిట్లిందని, రెండు వారాల్లో దానంతటదే పోతుందని, చూపుకేం భయం లేదని చెప్పాడు. మామూలు మనిషికి అది నిజమే. ఆమె ఏ మాత్రలు వేసుకుంటుందో ఆయన అడగలేదు. మేమూ చెప్పలేదు. నేను ఊపిరి పీల్చుకుని పడవ దగ్గరికి వెళ్ళిపోయాను. ఆ రోజే పట్నం వెళ్ళి ఉంటే ఎలా ఉండేదని ఇప్పటికి ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

నాలుగు రోజులు గడిచాయి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చాను. గుమ్మంలో కూర్చుని వడుకుతోంది.

"ఏమయ్యా, ఈ దారం మీద చీమలు పాకుతున్నాయి, దులుపు."

చూశాను. చీమల్లేవు. దారం తెల్లగా ఉంది.

"అదిగో, గోడ మీద కూడా. పొగలాగా... కాఫీ కుండ ఊపితే మడ్డి లేచినట్టు." కదురు కింద పెట్టింది. చేతిని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది, దూరంగా పెట్టింది. "తిలయె, నీ చొక్కా ఏ రంగు?"

"నీలం."

"నాకు ఎర్రగా కనపడుతోంది."

పట్నం చేరేసరికి ఆ ఎరుపు ముదిరి నలుపైంది. ఎడమ కంటి మసకలో నా చెయ్యి పట్టుకుని ఆస్పత్రి మెట్లెక్కింది. రక్తం తీశారు. అంకె తొమ్మిది.

డాక్టర్ హీరుత్ కాగితం చూసి, "ఏం తిన్నారు ఈ మధ్య?" అంది.

"పండగ తిండే డాక్టరమ్మా."

"ఉపవాసంలో?"

"ఆకుకూర. రోజూ."

"అది ఇప్పుడు మానేశారా?"

"ఈస్టరు అయిపోయింది కదా."

ఆమె నుదురు పట్టుకుంది. "ఆకుకూర ఒకవైపు, మాత్ర ఒకవైపు తాడు లాగుతుంటాయి. ఆకుకూర గట్టిగా లాగుతోందని నేను మాత్రకి బలం పెంచాను. మీరు ఆకుకూరని తాడు వదిలెయ్యమన్నారు. ఇంకేమవుతుంది? అందుకే వారంలో రమ్మన్నాను." తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కడ రెండు రోజులు మాత్ర ఆపేశారు. విరుగుడు కూడా ఎక్కువ ఇవ్వడానికి లేదు. నెత్తురు ఒక్కసారిగా చిక్కబడితే కవాటం మూసుకుపోతుందట. కన్ను కోసం గుండెని వదులుకోలేరు, గుండె కోసం మాత్ర ఇస్తే కన్ను ఇంకా కారుతుంది. ఆ రెండు రోజులూ నేను మంచం పక్కన కూర్చుని ఆమె ఛాతీలోంచి వచ్చే సన్నటి టిక్కుటిక్కు వింటూ ఉన్నాను. ఆ చప్పుడు ఆగకపోతే చాలు, కన్ను సంగతి తర్వాత అనుకున్నాను. ఆమె ఆలోచన వేరు. కంటి డాక్టరు రాగానే అడిగిన మొదటి మాట, "ఇరవై రెండుకి తగ్గుతుందా?"

"ఏ నెల ఇరవై రెండమ్మా?"

"ఈ నెల."

ఆయన కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు. "కంటి లోపలి నీళ్ళలో నెత్తురు కలిసింది. అది మెల్లగా కరగాలి. నెలలు పడుతుంది. అది విడితే గానీ వెనక పొరకి ఏమైందో నాకు కనపడదు. అబద్ధం చెప్పలేను. ఇరవై రెండుకి తగ్గదు."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. నేను భుజం మీద చెయ్యి వేస్తే తీసేసింది. గోడతోనే మాట్లాడినట్టు అంది. "ఏడేళ్ళూ వాడి నడక చూశాను. మొహం చూడలేదు. అంత దూరం నుంచి మొహం కనపడదు. నా దగ్గరున్నది పందొమ్మిదేళ్ళ మొహం. ఇప్పుడెలా ఉన్నాడో ఒక్కసారి చూస్తే..."

మిగతాది మింగేసింది.

అంకె దారికొచ్చాక ఇంటికి పంపారు. రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టి పడుకోమన్నారు. పడవ సంగతి నేనే భయపడుతూ అడిగాను. డాక్టర్ హీరుత్ నా వైపు చూసి, "వద్దనే అంటాను. వద్దంటే ఆగుతుందా?" అంది. "ఆగదు" అన్నాను. "అయితే నీళ్ళు కదలని వేళ చూసుకుని తీసుకెళ్ళు. బరువులెత్తనివ్వకు. మర్నాడు రక్తం చూపించాలి."

"మర్నాడే వస్తాం" అన్నాను.

ఇరవై రెండో తేదీ పొద్దున గాలి లేదు. పడవలో పరుపు వేసి కూర్చోబెట్టాను. ఒడిలో మడత పెట్టిన దుప్పటి. మిగిలిన రెండు కదుళ్ళ నూలు షాషితు వడికి పెట్టింది. "నా నూలు ఏ మూల ఉందో తెలిసిపోతుంది, గొంగళి పురుగులా ఉంటుంది" అని ఏడుస్తూనే నవ్వించింది.

సగం దారిలో అత్సెదె నా మోకాలు తట్టింది. "మెసెలెకి చెప్పకూడదు."

"ఏది?"

"కన్ను. వాడు నా కోసం తన బతుకంతా ఇచ్చేశాడు. నేను క్షేమంగా ఉన్నానన్న ధైర్యంతోనే ఆ దీవిలో ఉంటున్నాడు. ఏడేళ్ళ తర్వాత ఎదురుపడి, ఇదిగోరా నీ మొక్కు ఫలం అని ఈ కన్ను చూపించనా?"

"పైకి ఎరుపు పోయింది సరే, కనపడకుండా ఎలా మాట్లాడతావే?"

"నువ్వు ముందు చూసి నా చెవిలో చెప్పు. నేను సర్దుకుంటాను. ఏదైనా ఇస్తే నా మోచెయ్యి తాకు."

నాకు ఇష్టం లేదు. అయినా సరేనన్నాను. ఆమెకి కాదనడం నాకు ఎప్పుడూ సరిగ్గా రాలేదు.

రేవులో రాతి అరుగు మీద కూర్చోబెట్టాను. ఎగువన ఒక ముసలి సన్యాసి జపమాల తిప్పుకుంటూ నీడలో కూర్చున్నాడు. చెట్ల మధ్య నుంచి ఒక మనిషి దిగి వస్తున్నాడు. ఎడమ భుజం దించి. నాకు కూడా ఇప్పుడు గుర్తుపట్టడం వచ్చేసింది.

"వస్తున్నాడు" అన్నాను చెవిలో. "గడ్డం ఉంది. పసుపు టోపీ. చిక్కిపోయాడు."

ఆమె శాలువా సర్దుకుంది. అతను రెండు బారల దూరంలో ఆగాడు.

"అక్కా."

ఆ గొంతు వినగానే ఆమె మొహమంతా విచ్చుకుంది. కానీ ఆ నవ్వు అతని మొహానికి జానెడు పక్కకి వెళ్ళింది.

"గడ్డం బాగానే పెంచావురా! ఆ పసుపు టోపీ మాత్రం నీకు నప్పలేదు. తిండి పెట్టడం లేదా వీళ్ళు?"

"పెడతారు. నువ్వే లావయ్యావు."

"మీ బావ చేపలు పెట్టి చంపుతున్నాడు."

దుప్పటి ఇచ్చింది. అతను విప్పి భుజాల మీద కప్పుకున్నాడు. ఆమె షాషితు కబుర్లు, పోయిన ఏటి వానలు, చర్చి బడి గోడ కూలిన సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతోంది. మాటలు ఆగితే దొరికిపోతానని భయమనుకుంటాను. మెసెలె వింటూ, మా ఆచారం ప్రకారం తన చేతి శిలువని ఆమె ముందుకి చాచాడు. సన్యాసి శిలువ చాచితే ఎవరైనా వంగి ముద్దుపెట్టుకుంటారు, మాట మధ్యలో ఉన్నా సరే. ఆమె గోడ గురించి చెప్తూనే ఉంది. శిలువ గాలిలో ఉండిపోయింది. నేను మోచెయ్యి తాకేలోపు మెసెలె ఆ శిలువని మెల్లగా ఎడమ వైపుకి జరిపాడు. తర్వాత కుడి వైపుకి. ఆమె మొహం దానితో కదలలేదు.

"బావా" అన్నాడు నాతో. "ఎన్నాళ్ళయింది?"

అత్సెదె మాట తెగిపోయింది. "ఏది ఎన్నాళ్ళయింది?"

అడుగుతుండగానే ఆమెకి అర్థమైంది. నేనే చెప్పాను. ఉపవాసం, ఆకుకూర, మాత్ర, వెళ్ళని పరీక్ష, చీమలు. నేను రెండోసారి అడగలేదని కూడా చెప్పాను. అతను నేల మీద కూలబడ్డాడు.

"నా కోసం ఉపవాసం చేశావా? ఈ దుప్పటి కోసం ఆస్పత్రి మానేశావా? ఎవరు చెయ్యమన్నారక్కా?"

ఆ మాటతో ఆమె లేచి నిలబడింది. అంత కోపం నేను అంతకు ముందు చూడలేదు.

"నిన్నెవరు చెయ్యమన్నారురా? నాలుగు రోజులు కళ్ళు మూసుకుని పడుకున్నానని, నన్ను అడక్కుండా నాది తీసుకెళ్ళి ఇచ్చేస్తావా? నువ్వు నావాడివి. నీ ముక్కు తుడిచింది నేను. ఇచ్చే ముందు నన్నడగాలి!"

"నువ్వు లేస్తే కదా అడగడానికి!"

"లేచాక అడగొచ్చుగా!"

"లేచాక అడిగితే వద్దంటావు."

"అంటాను! ఇప్పుడూ అంటాను!"

ఎగువన ముసలి సన్యాసి జపమాల ఆపాడు. మెసెలె తల వంచుకుని మట్టిలో వేలితో ఏదో గీశాడు. "నీ ప్రాణం అడిగానక్కా. కళ్ళ సంగతి కూడా అడగాలని తోచలేదు. పందొమ్మిదేళ్ళవాణ్ణి. బేరం చేతకాలేదు."

ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. రెండూ అనుకుంటాను. అరుగు మీద కూర్చుని శాలువా కొంగుతో మొహం తుడుచుకుంది.

"చెప్పరా, నీ మొహం ఎలా ఉంది? నాకు అదే కావాలి. తాకనివ్వవు కదా?"

"తాకకూడదక్కా."

"తెలుసు. చెప్పు మరి."

"నాకేం తెలుసు? మఠంలో అద్దాలుండవు. నా మొహం నేను చూసుకుని ఏడేళ్ళయింది."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను పడవవాణ్ణి. గాలి ఎటుందో, నీళ్ళలో రాయి ఎక్కడుందో చెప్పమంటే చెప్తాను. మొహాలు వర్ణించడం నాకేం వచ్చు? అయినా అతని ఎదురుగా గొంతుక్కూర్చుని, చూసింది చూసినట్టు చెప్పాను.

"నుదుటి మీద మూడు గీతలున్నాయి. ముక్కు మీద ఎండకి తోలు లేచింది. చెంపలు లోపలికి పోయాయి. గడ్డంలో, ఇదిగో కుడివైపు, నాలుగైదు తెల్లవెంట్రుకలు."

"ఇరవై ఆరేళ్ళకే తెల్లవెంట్రుకలా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"పెదవి మీద చిన్న గాటు."

"అది నేను కదురుతో కొట్టింది" అంది ఆమె గబుక్కున. "కళ్ళు? కళ్ళెలా ఉన్నాయి?"

"ఎర్రగా ఉన్నాయి."

ఆమె ఉలిక్కిపడి లేవబోయింది. "ఎర్రగానా? నెత్తురా?"

"కాదే. ఏడుస్తున్నాడు."

గంట మోగింది. అతను లేచి మళ్ళీ శిలువ చాచాడు. ఈసారి నేను ఆమె చేతిని దాని దగ్గరికి తీసుకెళ్ళాను. నుదురు ఆనించి, పెదవులు ఆనించి, ఎంతకీ తల ఎత్తలేదు. శిలువకి ఆ చివర అతని చెయ్యి ఉంది. అంతకన్నా దగ్గరికి వెళ్ళడానికి లేదు.

తిరుగు దారిలో ఆమె దుప్పటి లేని ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. ముక్కు నుంచి మొదలుపెట్టి మళ్ళీ చెప్పమంది. ఇల్లు చేరేదాకా మూడుసార్లు చెప్పాను.

హమ్లె నెల పండగకి గాలివాన. రేవులో ఏ పడవా కదల్లేదు. వానాకాలమంతా నెత్తురు మెల్లగా కిందికి దిగింది. మొదట దూలం కనపడింది, తర్వాత నా జుట్టు, తర్వాత గోడ. కంటి డాక్టరు లోపలికి చూడగలిగాక చెప్పాడు. చూపుకి సరిగ్గా నడుమ, వెనక పొర కింద కూడా నెత్తురు దిగి మచ్చ కట్టింది. అది పోదు. తిన్నగా చూస్తే చూసినచోట ఒక నల్లటి గుంట, చుట్టూ మాత్రం లోకమంతా ఉంటుంది. నా వైపు చూస్తే నా చెవులు కనపడతాయట, మధ్యలో నేనుండను. "అంత నష్టమేం లేదులే" అంది. సన్ననూలు వడకడం మానేసింది. చేతి అంచనాతో లావుపాటి నూలు తీస్తుంది. కొన్నిసార్లు కదురు పట్టుకుని ఊరికే కూర్చుంటుంది. అప్పుడు నేను మాట్లాడించను.

ఇప్పుడు రెండు వారాలకోసారి ఆస్పత్రి. ఆకుకూర మానమని డాక్టర్ హీరుత్ అనలేదు. ఉపవాసమైనా పండగైనా రోజూ ఒకే కొలత తినమంది. రోజూ గుప్పెడు ఆకు నేనే కోస్తాను. నా గుప్పెడు పెద్దదని ఆమె, కాదని నేను.

తెర్ నెలలో పండగ వచ్చింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మెసెలె ఆ దుప్పటి కప్పుకునే వచ్చాడు. అత్సెదె అరుగు మీద నిలబడి అతని వైపు కాకుండా, పక్కన నీళ్ళ వైపు మొహం తిప్పుకుంది.

"ఎటు చూస్తున్నావక్కా?"

"నిన్నే చూస్తున్నాను. కదలకు."

పక్కకి చూస్తేనే చూపు అంచులో మొహం వస్తుందని తనే కనిపెట్టింది. కోడిని, షాషితుని, నన్ను చూసి ఇంట్లో నెలల తరబడి అలవాటు చేసుకుంది. అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆమె తలని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ, నీళ్ళనే చూస్తూ, చాలాసేపు ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఏం లెక్కపెడుతోందో నాకు వినపడలేదు. అంచులో వచ్చే బొమ్మ మసగ్గా ఉంటుంది, నిలవదు, పట్టుకోబోతే జారిపోతుందని తర్వాత చెప్పింది.

గంట మోగాక పడవెక్కించాను. దీవి వెనక్కి పోతోంది.

"నువ్వు అబద్ధాలకోరువి. చెంపలు అంత లోపలికేం పోలేదు" అంది.

"అప్పుడు పోయాయి."

"ఏమో." చేత్తో నీళ్ళు తాకి, "మళ్ళీ హమ్లె వరకూ ఆరు నెలలు. ఈసారి వానలు కాస్త ఆలస్యంగా వస్తే బాగుండు" అంది.

"వానలొచ్చినా తీసుకెళ్తాను" అన్నాను.

హమ్లెలో ఆ నీళ్ళు ఎలా ఉంటాయో తెలిసినవాడెవడూ అలాంటి మాట ఇవ్వడు. నేను ఇచ్చాను.